తెల్ల దారం

బుధవారం

రాజాం సంతలో కొన్న తెల్ల పావురం పిల్ల ఈరోజు ఎగిరింది. సంతోషించాల్సింది పోయి సిగ్గుతో రాస్తున్నాను.

కొత్త పావురం పారిపోకుండా, ఇల్లు అలవాటయ్యేదాకా రెక్క ఈకలను దారంతో కట్టడం మా నాన్న నాటి పద్ధతి. నేనూ కట్టి, విప్పడం మరచిపోయాను. తెల్ల ఈకల్లో తెల్ల దారం కనిపించలేదు. నెల దాటినా అది అరుగు మీదే గెంతుతుంటే, టీ కొట్టు దగ్గర "ఇది పావురమేటి, కోడై పుట్టాల్సింది" అన్నాను. అందరూ నవ్వారు. నిన్న చీపురుతో అదిలించాను కూడా.

పొద్దున్న నీళ్లు పెడుతూ మా ఆవిడ దారం చూసింది.

"పిరికిది పిరికిదని ఊరంతా సెప్పినావు కదా మావా! ఇది కట్టింది నువ్వు కాదేటి?"

వెంటనే కత్తిరించాను. అయినా ఎగరలేదు. గోడ మీద పెడితే మధ్యాహ్నందాకా అక్కడే వణుకుతూ, రెక్క విప్పుతూ, ముడుచుకుంటూ కూర్చుంది. ఆ భయం నేను నేర్పిందే. చివరికి జారినట్టు కిందికి పడి, నేల తాకకముందే లేచి పక్కింటి పెంకుల మీద వాలింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను లోపలికి వచ్చేశాను.

సాయంత్రం అదే తిరిగి వచ్చి నా చేతిలో గింజలు తింది.

దాన్ని అందరి ముందూ వెక్కిరించాను. దారం సంగతి కూడా అందరి ముందే చెప్పాలి. రేపు టీ కొట్టు దగ్గర ఎలా మొదలుపెట్టాలో...