మెత్తని షాకులు

మెర్ల్‌కి, ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

మీ అన్న పాత రేసు కారుకు కుదుపులు ఆపే షాకులు నువ్వే తెప్పిస్తున్నావట. రేసు మొదలయ్యే గీత దగ్గర కారు ముక్కు పైకి లేపే రకం వద్దు, మెత్తనివి తెప్పించు. నడుము ఆపరేషన్ అయినప్పటి నుంచి మన టెనెసీ రోడ్ల గతుకులకు ఆయన పళ్లు బిగబట్టుకుంటున్నారు. కారు మానేయమని చెప్పలేను. ఆయన నవ్వేది అందులో కూర్చున్నప్పుడే.

మెత్తనివి వేయిద్దామని నిన్న అడిగాను.

"సోఫా తోలుకొచ్చావా ముసలోడా అని మెర్ల్‌గాడు రేసులో ఏడిపిస్తాడే" అన్నారు. మళ్లీ ఆయనే, "చర్చి భోజనాలకు పట్టుకెళ్లే నీ కేకు వెనక సీట్లో చితికిపోతోంది గదా. దానికోసమైతే సరే" అన్నారు.

నా కేకు ఎన్నడూ చితకలేదు. రేసులో ఎవరైనా అడిగితే మాత్రం చితికిందనే చెప్పు. నేనూ అదే చెబుతాను. ఆ ఒక్కమాట ప్రభువు క్షమిస్తాడు.

నీ వదిన