గగారిన్‌ని కిందికి దించిన ఆదివారం

3 ఏప్రిల్ 1984, మంగళవారం

ఇవాళ సాయంత్రం మన దేశం మనిషి రష్యా రాకెట్‌లో అంతరిక్షంలోకి వెళ్ళాడు. ఆఫీసు రేడియో చుట్టూ మూగి విన్నాం. నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకో తెలీదు.

ఈ నక్షత్రశాలలో నా పని టార్చి పట్టుకుని జనానికి సీట్లు చూపించడం. నాలుగేళ్ళయినా టెంపరరీనే. స్పుత్నిక్ నుంచి చంద్రుడి దాకా లెక్చరంతా నాకు కంఠతా. బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో. తెలుగులో ఎవరూ చెప్పగా వినలేదు.

4 ఏప్రిల్

మా పేట వాట్‌గంజ్‌లో కుళాయి దగ్గర బంగారయ్య మామ పట్టుకున్నాడు. కార్పొరేషన్ డ్రైనేజీ గ్యాంగుకి సర్దార్, అంటే మేస్త్రీ. గ్యాంగంతా మాలాగే విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. మనోడు పైకెల్లిపోనాడంట, ఎలాగెల్లినాడో మన బాసలో సెప్పేవోళ్ళు లేరేటి అన్నాడు. ఆదివారం మనోళ్ళని తెస్తాను, నువ్వే సెప్పమ్మీ అన్నాడు.

5 ఏప్రిల్

సూపరింటెండెంట్‌ని అడిగాను. నవ్వాడు. టార్చి అమ్మాయి లెక్చరిస్తే రేపు గేటు దగ్గరి దర్వాన్ కూడా ఇస్తానంటాడన్నాడు. మా లెక్చరర్ లాహిరి దా, అందరికీ అన్నలాంటివాడు, పక్కనే ఉన్నాడు. ఆదివారం పన్నెండింటికి హాలు ఖాళీయే కదా, బాధ్యత నాది అన్నాడు. సరే, ఒక్కసారి అన్నాడు సూపరింటెండెంట్. తేడా వస్తే సోమవారం నుంచి నన్ను రావద్దన్నాడు.

6 ఏప్రిల్

ఆర్బిట్‌ని తెలుగులో ఏమంటారు?

7 ఏప్రిల్

కక్ష్య అంటారట, పాత వాచకంలో దొరికింది. అమ్మని కూర్చోబెట్టి చెప్పాను. అదేటి అంది. భూమి చుట్టూ తిరిగే దారి అన్నాను. మరలాగే సెప్పొచ్చు కదే అంది. కక్ష్య కొట్టేశాను.

8 ఏప్రిల్, ఆదివారం, సాయంత్రం 4

ఇప్పుడే ఇంటికొచ్చాను. రాసేస్తాను.

యాభైమంది అనుకుంటే ఎనభై దాటారు. ఉతికి మడతపెట్టిన చీరలు, తలనిండా నూనె. నక్షత్రాలు వెలిగేసరికి హాలంతా ఓలమ్మో అంది. స్పుత్నిక్ అయింది. లైకా అనే కుక్క తిరిగి రాలేదంటే ముందు వరసలో జగ్గమ్మ ముక్కు చీదింది. గగారిన్‌ని రాకెట్‌లో కూర్చోబెట్టాను.

లోడ్‌షెడ్డింగ్!

చుక్కల్లేవు, మైకు లేదు, ఫ్యాన్ లేదు. ఇక చాలు, అందరినీ పంపించెయ్ అని వెనకనుంచి సూపరింటెండెంట్ అరిచాడు. కొందరు లేచారు. ఇక సోమవారం నుంచి పని లేనట్టే అనుకున్నాను. అప్పుడు మా వీధి ఊడ్చే అప్పమ్మ చీకట్లోంచి అడిగింది: ఒసే అమ్మీ, ఆ కుర్రోణ్ణి డబ్బాలో కూకోబెట్టి ఒగ్గేస్తావేటే, ముందు దించు!

అందరూ పగలబడి నవ్వారు. నా భయం ఎటు పోయిందో.

టార్చి వెలిగించి కప్పు మీదికి కొట్టాను. ఇదిగో గగారిన్ అన్నాను. మెల్లగా కప్పంతా ఒక చుట్టు తిప్పి నేల మీదికి దించాను. మనం హౌరాలో రైలెక్కి విజయనగరంలో దిగేలోపు ఎన్నిసార్లు తిరుగుతాడని బంగారయ్య మామ అడిగాడు. ఓ పదిసార్లు అన్నాను. అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి ఆడమనిషి తెరిష్కోవా బట్టల మిల్లులో పనిచేసిన పిల్ల అంటే, కూలి పిల్లా అని ఆడాళ్ళంతా ఒక్కసారే అడిగారు. అవును, మూడు రోజులు పైనే ఉంది అన్నాను. చప్పట్లు ఆగలేదు.

లియోనోవ్ తాడు కట్టుకుని ఓడలోంచి బయటి శూన్యంలోకి వచ్చాడన్నప్పుడు మ్యాన్‌హోల్‌లో దిగే కొండయ్య లేచి నిలబడ్డాడు. పైన తాడెవులు సూసుకున్నారని అడిగాడు. ఓడకి కట్టి ఉంది, లోపల జోడీదారు కనిపెట్టుకుని ఉన్నాడన్నాను. అలాగైతే పర్లేదని కూర్చున్నాడు.

చంద్రుడి మీద అడుగులు కూడా వేయించాను. చివర్న, మనోడు ఇప్పుడు, ఈ నిమిషంలో, మన పైన తిరుగుతున్నాడన్నాను. టార్చి ఆర్పాను. తర్వాత ఒకటే ఈలలు!

కరెంటు వచ్చేసరికి అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు. సూపరింటెండెంట్ నా దగ్గరికొచ్చి, మధ్యలో అంత నవ్వెందుకని అడిగాడు. అప్పమ్మ మాట బెంగాలీలో చెప్పాను. ఆయనా నవ్వాడు.

9 ఏప్రిల్

రావద్దనలేదు.

11 ఏప్రిల్

మనవాడు క్షేమంగా దిగాడు. గేటు దగ్గర కొత్త బోర్డు. ప్రతి నెలా మొదటి ఆదివారం తెలుగు షో, చెప్పేది విజయ కుమారి. తెలుగక్షరాలు రాసేవాళ్ళెవరూ లేక నేనే రాశాను. నా పేరు కొంచెం పెద్దగా పడింది. చెరపలేదు.

14 ఏప్రిల్, పొద్దున్న 6

అప్పమ్మ వీధి మధ్యలో చీపురు ఆపి ఆకాశంలోకి చూస్తోంది. ఏటని అడిగాను. ఇంకెవులైనా ఎక్కినారేమోనని సూస్తన్నానే అంది.