సలంగు పడవలో మూడో వంతు

పుదుచ్చేరి,
1912 ఆడి నెల, బుధవారం పొద్దున

నా కుప్పమ్మాళక్కకు,

తెలుసక్కా. నాకు అన్నీ తెలుసు. నిన్న పడవ మా పేర్లకు మారిందని విని రేవుకొచ్చి, అంతమంది కూలీల ముందు నా తల నిమిరి, "వీడికేం తెలుసు పాపం, చదువు మానేసినోడు. అన్న వీణ్ణి కూడా ఏమార్చినాడు" అన్నావే, ఆ మాట తప్పు. అప్పుడే చెప్పాల్సింది. తంగవేలన్నను తిట్టినట్టే నన్నూ తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఫ్రెంచి బళ్లో నేను చదివింది మూడేళ్లే. నీ చేత వేలిముద్ర వేయించిన ఆ కాయితం చదవడానికి అది చాలింది.

నాయన పోయాక, ఓడల నుంచి మూటలు ఒడ్డుకు చేర్చే మన సలంగు పడవను మా ఇద్దరి పేర్లకు మార్పించాలని, అన్న నన్ను పత్రాలు రాసే నొతేరు కచేరికి తీసుకుపోయాడు. గుమాస్తా గోవిందరాజన్ పాత పుస్తకాలు తిరగేసి, నాయన ఎప్పుడో ఫ్రెంచి చట్టం కిందికి వస్తానని సంతకం పెట్టాడని చెప్పాడు. ఆ చట్టంలో కూతురికీ కొడుకులతో సమానంగా వస్తుందట. పడవలో మూడో వంతు నీది. నాకు వద్దని నువ్వు వేలిముద్ర వేస్తే తప్ప పత్రం మా పేర్లకు మారదు.

బయటికొచ్చాక అన్న అన్నాడు: "నేను పోతే దానికి అనుమానం వస్తాది. నువ్వు పో. నువ్వేం చెప్పినా నమ్ముతాది. పత్రంలో నీ పేరే ముందు రాయిస్తాలే."

ఆ చివరి మాటకు పడిపోయానక్కా. మిల్లులో నిలవలేదు, రొట్టెల కొట్లో నిలవలేదు. ఎక్కడైనా నాలుగు నెలలే. వీధిలో నన్ను చూస్తే చాలు, "ఇప్పుడు యాడ్రా పని?" అని నవ్వుతారు. ఒక పడవ మీద నా పేరుంటే ఇక ఎవరూ అడగరనుకున్నాను. బావ మిల్లులో చేయి నలిగి ఇంట్లో కూర్చున్నాడనీ, నువ్వు ఎండుచేపల గంప మోస్తున్నావనీ తెలిసే మీ ఇంటికి వచ్చాను.

ఆ రోజు నువ్వు చేపలు తోముతున్నావు. "ఏందిరా ఇది?" అన్నావు. "నాయన పేరు కొట్టేసే కాయితం" అన్నాను. "అయ్యో, నాయన పేరు కొట్టేస్తారా?" అని ఏడ్చావు. చేయి కడుక్కుని, చీరకు తుడుచుకుని వేలు చాపావు. బొటనవేలికి ఒక పొలుసు అంటుకుని ఉంది. ముద్ర చెడిపోతుందని దాన్ని నా గోటితో నేనే తీశాను. తర్వాత నువ్వు పెట్టిన పులుసన్నం తిన్నాను. బాగుందని ఇంకా పెట్టించుకున్నాను.

ఆ కాయితం అడుగున ఇంకో సంతకం ఉంది. ఈమెకు చదువు రాదు కాబట్టి ఈమె భాషలో పూర్తిగా చదివి వినిపించాను అని. అది నాది.

శుక్రవారం కొత్త పత్రం వచ్చింది. అన్న మాట నిలబెట్టుకున్నాడు, నా పేరే ముందుంది. చదివాను. మళ్లీ చదివాను. సంతోషం రాలేదు.

ఇప్పుడు ఆ కచేరి వరండాలోనే కూర్చుని రాస్తున్నాను. నేను నీకు ఏమీ చదివి వినిపించలేదని నొతేరు దొరతో చెప్పబోతున్నాను. గోవిందరాజన్ నన్ను పక్కకు లాగి, "ఏంది తంబీ, తలకాయ ఉండాదా నీకు? పత్రం కొట్టేస్తారు సరే, అబద్ధపు సాక్షి సంతకానికి నిన్ను లోపలేస్తారు" అన్నాడు. అక్కడన్నా నాలుగు నెలలు దాటి నిలుస్తానేమో అన్నాను. ఆయన నవ్వలేదు.

ఈ ఉత్తరం మీ వీరాంపట్టినానికి బండి తోలే అయ్యనార్ చేతికిస్తాను. మీ వీధి కొట్టు మంగళమ్మ చేత చదివించుకో. ఒక్క మాట కూడా దాటెయ్యకుండా చదవమను.

రేపో ఎల్లుండో నిన్నూ ఇక్కడికి పిలిపిస్తారు. "తమ్ముడు చదివి వినిపించినాడు దొరా, తెలిసే ఏసినాను" అంటావు నువ్వు. నన్ను తప్పించడానికి పడవ వదిలేసుకుంటావు. నిన్ను నాకు తెలీదా? అట్ల చెప్పబాకక్కా. మొదటిసారి నీకు తెలియకుండా తీసుకున్నాను. ఈసారి నువ్వు తెలిసి ఇస్తే, దాన్ని పెట్టుకుని నేను బతకలేను. వాడు అబద్ధం చెప్పి వేయించుకున్నాడని చెప్పు. నా మొహం చూడకుండా చెప్పు.

అన్న మెట్లెక్కి వస్తున్నాడు. లోపల్నుంచి పిలుస్తున్నారు. పోవాలి.

నీ తమ్ముడు
చిన్నదురై