పసుపు పూసిన గోల్ఫ్ బంతి

వజ్రకరూరు, మే 2003

పెద్దక్కా, ఈ కార్డు చదివినాక నీకు కలగబోయే భయానికి తమ్ముడు తిప్పేష్ సాష్టాంగపడి ముందుగానే క్షమాపణ వేడుకుంటాండాడు. మన ఊర్లో అనుకుంటాండేటట్లు నాకు గాలి సోకలేదు, బాగుండా.

ఈడ బీడు భూమిలో యాభై దాటిన ఆడవాళ్లకు గోల్ఫ్ పోటీ పెట్టినారు. గెలిచినోళ్లకు దుడ్లు లేవు, కప్పు ఒక్కటే. బంతి యాడ పడిందో చూసి చెప్పడం నా బి.ఏ. చదువుకు దొరికిన ఉద్యోగం. ఆఖరి ఆటలో కోమలమ్మ మేడమ్ కొట్టిన బంతి గుట్ట వెనక పడింది. మేమంతా పోయి చూస్తే, దానికి పసుపు పూసి కుంకుమ పెట్టి ఉండాది. పసుపు తడి కూడా ఆరలేదు. కనుచూపుమేర మనిషి లేడు.

"కొట్టకపోతే ఓడినట్లే మేడమ్," అన్నాడు రెఫరీ.

"ఏమప్పా, దేవుణ్ణి కట్టెతో కొట్టమంటావా?" అని ఆయమ్మ బంతికి దండం పెట్టి, కప్పు వదులుకుని పోయింది.

శెనక్కాయ విత్తనాలు ఇచ్చినారా? ఆవు ఈనిందా? తిమ్మప్ప మామ వస్తే నిమ్మకాయ ఊరగాయ పంపు. నాయనకు దండాలు, నీ బిడ్డ నందినికి ముద్దులు.

ఈడ అందరూ అది నా తుంటరి పనే అంటాండారు. ఆ పసుపు నేను పూయలేదక్కా, నీ మీద ఒట్టు. నేను చేసింది ఒకటే. అందరూ పోయినాక నా సీసాలో నీళ్లన్నీ ఆ బంతి మీద పోసినా. నేల మీదికి ఒక్క చుక్క కారలేదు.