రాతిమెట్టు మీద నింద

అత్తయ్యా,

నీష్ పట్నం బస్సుకి టైమైంది, వెళ్తున్నా. చిక్కుడుగింజల చారు పొయ్యి మీద ఉంది, సన్నని సెగన ఇంకో గంట ఉడకనివ్వండి. స్నానాలగది అరలో ఉన్న ట్యూబు నాది. పగిలిన చేతులకి మందనుకుని మీ అబ్బాయి రెండు రోజులుగా పూసుకుంటున్నాడు. అది చేతులకి కాదని చెప్పండి. ఎక్కడికో మాత్రం చెప్పకండి, భోజనం మానేస్తాడు.

నా మంటంతా చర్చి రాతిమెట్టు మీద కూర్చుని కింద చలి పట్టినందుకేనని మీరు వీధంతా చాటారు కదా! పోయిన వారం డాక్టరమ్మ చూసి, పాపం రాయి తప్పేం లేదంది. ముట్లుడిగాక లోపల పొడిబారి మండుతుందట, మాటిమాటికీ ఒంటికి వస్తుందట. ఈ క్రీముతో నెమ్మదిగా తగ్గుతుందంది. ఇక ఆ ఉన్ని దిండు పట్టుకుని నా వెనకాల తిరగకండి.

గురువారం పదింటికి డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. మీరు నాకు తోడొస్తున్నారని మీ అబ్బాయికి చెప్పాను.

రాడ్మిల

మర్చిపోయా, గురువారానికి డాక్టరమ్మ దగ్గర రాయించింది నా పేరు కాదు, మీ పేరే. మొన్న యోవాన పెళ్లిలో నా జోకుకి అందరూ పగలబడి నవ్వుతుంటే, మీరొక్కరే కాళ్లు బిగబట్టి బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు. ఇంతకీ మీరు ఏ రాయి మీద కూర్చున్నారు?