తెల్ల కళ్ళ ఈగలు

శనివారం, రాత్రి

నాయినకు ఇంకా చెప్పలే.

రెండు రోజులు ల్యాబ్ బంద్ అని, బయాలజీ ప్రాజెక్టుకు పెంచే పండ్ల ఈగల సీసా నిన్న ఇంటికి తెచ్చి కిటికీల పెట్టిన. పొద్దున చూసినంక సీసా మూతికి దూది సరిగ్గ బిగించలే. మధ్యాహ్నానికి సీసా ఖాళీ. కిటికీ కిందనే నాయిన పండ్ల బండి.

కోసిన బొప్పాయి మీద ఈగలు ముసిరినయి. ఒకామె ప్లేటు అక్కడ్నే పెట్టి పోయింది. నాయిన పక్క బండి యాదయ్య మామ మీదికి లేచిండు. "నీ మురిగిన అరటిపండ్లతోనే ఇదంత! రేపటి సంది నా పక్కన బండి పెట్టకు." గడ్డిఅన్నారంల పండ్ల మార్కెట్ ఉన్నప్పటి సంది ఇద్దరిదీ పక్కపక్క జాగనే. మామ బండి తోసుకుంట పోయిండు.

నేను దగ్గరికి పోయి చూసిన. బయట తిరిగే ఈగలకు ఎర్ర కళ్ళుంటయి. బొప్పాయి మీదున్నవాటికి, ల్యాబ్‌ల పెంచినవాటి లెక్క, తెల్లగున్నయి. అవి నా సీసాలయే. ఫిలాసఫీ క్లాసుల నిజం గురించి గంటలు గంటలు మాట్లాడత గని, అక్కడ సీసా సంగతి చెప్పకుండనే లోపలికొచ్చిన.

ఇందాక అన్నం తినుకుంట నాయిన అడిగిండు. "జర ఎక్కువనే అన్ననేమో. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు బిడ్డా. ఆ ఈగలు యాదయ్య పండ్లయేనా?"

"అయ్యుంటయి నాయినా" అనేసిన.