సంచిలోంచి తీసేసిన సీసాలు

ఖాయ్, చేపల వేటకు నీ సంచి మళ్ళీ నేనే సర్దాను. వానకోటు పైనే ఉంది, మాత్రలు తువ్వాలులో చుట్టాను. రాక్ జా పట్నం కొట్లో నువ్వు కొన్న మూడు సాసు సీసాలూ తీసేశాను.

"అన్నీ ఒకటే అత్తయ్యా" అంది నీ పెళ్ళాం. నాలిక మీద వేసుకుని చూశాను, ఒకటి కావు. నవ్వే చేప బొమ్మ ఉన్న చేపల సాసు వట్టి పానకం. ఆ చేప నవ్వదా మరి? దాన్ని అందులో వెయ్యనే లేదు. బంగారు మూతది ఉప్పునీళ్ళు. సముద్రం మీదికి పోయేవాడు ఉప్పునీళ్ళు కొనుక్కోవడమేమిటి? మిరపకాయ సాసు పసిపిల్లకు పెట్టినా ఏడవదు.

బదులుగా మన కుండలో ఊరిన నెత్తళ్ళ సాసు పెట్టాను. పళ్ళెంలో చేపను బోర్లా తిప్పి తినకు, పడవా అలాగే బోర్లా పడుతుంది. నవ్వుతావు, నవ్వుకో. గాలి మారితే మాత్రం అందరికంటే ముందు వెనక్కి తిరుగు. పిరికివాడంటే అననీ.

రేవుకు రాను. సముద్రం మీద మనవాళ్ళను కాచే తిమింగలం దేవర గుడికి పోతున్నాను.

సీసా సగమే నింపాను. మిగతాది ఇంటికొచ్చి తిను. మీ నాన్నకు నిండుగా పోసిచ్చాను. ఆయన 1997 నవంబరులో వెళ్ళాడు, తిరిగి రాలేదు.